తిరగ కన్ను

లెర్విక్‌లో ఎండ ఒకోసారి ఉంటుంది, గాలి మాత్రం ఊరుకోదు.
మా అత్త ఓస్లా లేవగానే నడుముకి బెల్టు బిగించేది,
గుర్రపు వెంట్రుకలు కూరిన తోలు బెల్టు, ముందంతా చిల్లులు.
కుడి సూది తోక ఒక చిల్లులో గుచ్చితే
సూదిని బెల్టే మోస్తుంది,
చెయ్యి మొత్తం నూలుకే మిగులుతుంది.
కెటిల్ కూసేలోపు రెండు వరసలు. కోళ్ళని తోలుతూ ఇంకొకటి.
చెయ్యి తిరిగిన మనిషి.

నేను బెర్గెన్ నుంచి వచ్చిన కోడల్ని, టూరిద్‌ని.
నూలు నా ఎడమ వేలి మీద ఉంటుంది,
పర్ల్‌కి కూడా దాన్ని ముందుకి తేను.
సూది మొనే దాని వెనగ్గా దూరి,
కన్నులోకి దిగి, మెడ తిప్పి,
నూలుని ముంచుకుని వస్తుంది.
మొదటి చలికాలం నా చేతుల్ని కాసేపు చూసి
"అది అల్లిక కాదు, చేపకి ముల్లు తీయడం" అంది.

ఆమె పద్ధతిలో పర్ల్ అంటే నూలు ముందుకి రావాలి,
సూటి కన్ను అంటే వెనక్కి పోవాలి.
ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ,
వెళ్ళొస్తానంటూనే గుమ్మంలో నిలబడే చుట్టంలాగ.
ఆ మాట నేను పైకే అన్నాను.
పదకొండేళ్ళు ఒకే పొయ్యి దగ్గర, ఎవరి పర్ల్ వాళ్ళది.

గుడ్డ మీద చూస్తే ఎవరిదేదో తెలిసేది కాదు,
అదే గింజ, అదే చిన్న బొడిపె.
ఆమె చెల్లెలు లీబీది ఒక్కటే పట్టుబడేది.
లీబీ నూలుని కిందనుంచి లాక్కునేది, దగ్గరి దారని,
కన్ను కాలు మార్చుకుని కూర్చునేది.
పై వరసలో దాన్ని వెనకనుంచి పలకరించకపోతే మెలిపడేది.

ఫిబ్రవరిలో అత్త కుడి పక్క పడిపోయింది.
మాటలు కొన్ని తిరిగొచ్చాయి. చెయ్యి రాలేదు.
హోముకి సూదులు పట్టుకెళ్ళి నా పద్ధతి చూపించాను,
"చూడండి, నూలు కదలక్కర్లేదు."
నూలు కదలదు సరే, కుడి మణికట్టు తిరగాలి కదా.
ఆ సంగతి అక్కడికెళ్ళాక గానీ నాకు తట్టలేదు.
ఆమె గోడవైపు చూసింది.

రాత్రి డ్యూటీకి వచ్చే అడెలీనోది పోర్చుగల్‌లో కొండ ఊరు,
గొర్రెలతో నడుస్తూ మేజోళ్ళు అల్లిన తాత మనవడు.
ఒకరోజు ఆమె స్వెట్టర్ మీద, ఎడమ భుజం కింద,
కొక్కెం ఉన్న పిన్ను గుచ్చాడు.
నూలు ఆ కొక్కెంలోంచి సూదుల ముందుకి దిగింది,
అక్కడే ఉంది. తేవడం లేదు, పంపడం లేదు.
ఎడమ బొటనవేలు ఒక్క చిటిక,
నూలు మొన మీద పడింది. పర్ల్.

వాళ్ళ ఊళ్ళో పిల్లలకి ముందు నేర్పేది ఇదేనట,
కష్టమంతా సూటి కన్నుదేనట.
అత్త వింది. తర్వాత, ఎవరూ చెప్పకుండానే,
బీరువావైపు గడ్డం చూపింది.
బెల్టు.

కుడి సూది బెల్టుకి. ఎడమ సూది ఎడమ చేతికి.
కుడి చెయ్యి ఒళ్ళో పడుకుంది పిల్లిలా,
లేపడానికి ఎవరూ ప్రయత్నించలేదు.
ఒక వరసకి నలభై నిమిషాలు పట్టింది.

అటూ పర్ల్, ఇటూ పర్ల్. అలా అల్లితే
రెండు పక్కలా ఒకటే గట్లు పడతాయి,
ఆరేళ్ళ పిల్ల సూటి కన్ను ఒక్కటే నేర్చుకుని
అల్లిన మొదటి మఫ్లర్ లాగే ఉంటుంది.
యాభై రంగుల స్వెట్టర్లు అల్లిన మనిషి
దాన్ని పైకెత్తి చూసి, చప్పరించి,
మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

నిన్న ఆమె కునుకు తీస్తుంటే తొమ్మిదో వరసలో
జారిన కన్నొకటి కనిపించింది.
మెల్లిగా ఎత్తాను, నా పద్ధతిలో, ముల్లు తీసినట్టు.
లేచి ముక్క చూసింది. బొటనవేలితో ఆ చోటు తడిమింది.
"టూరిద్," అంది, స్పష్టంగా, మే నెల తర్వాత మొదటిసారి,
ఆ ఒక్క కన్నూ విప్పేసింది.