ఎర్ర చార

మే నెల. యర్రగుంట్ల.
పాలిష్ ఫ్యాక్టరీ వెనక పరిచిన నల్ల బండల మీద
నీళ్ళు పోస్తే సుయ్యిమంటాన్నాయి.
నేను ఉత్త కాళ్ళతో నిలబడి
లారీకి లెక్క చెప్తాండా.
నూటా పన్నెండు. నూటా పదమూడు.
నర్సోజి కొడుకు చెప్పులేసుకొని కూడా ఎగిరెగిరి పడుతూ
'దస్తగిరి మామా, నీవి కాళ్ళా, గడ్డపారలా?' అన్నాడు.
మీసం మీద చెయ్యేసినా.

కాలుతాండానని బండ చెప్పింది.
కాలే నాకు చెప్పలేదు.

మూడో దినం
తడిగుడ్డతో తుడిచిన బండ మీద ఎర్ర చార.
రాతిలో రంగనుకున్నాం,
అప్పుడప్పుడు వస్తాది అట్లా.
పక్కన పెట్టించినా.
తర్వాతి బండ మీదా ఉంది.
దాని పక్క దాని మీదా.
నేను యాడికి పోతే ఆడ
రాయి నెత్తురు కారుస్తాంది.

కడప పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
కట్టు విప్పి ముక్కు మూసుకోలేదు. అది మర్చిపోను.
'సుగరు ఎన్నేండ్లుగా?'
తొమ్మిది.
'మాత్రలు?'
గుర్తొచ్చినప్పుడు.
'రెండు వేళ్ళు తీస్తే కాలు నిలబడుతుంది.'

ఈ లెక్క నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.
అంచు చిట్లిన బండను ఇరవై ఏండ్లుగా కోస్తాండా.
అంగుళం పోతే మిగతాది అమ్ముడుపోతాది,
అంగుళానికి ఏడిస్తే అంతా కంకర గుట్టలోకే.
కొయ్యండమ్మా అన్నా.
సంతకం వచ్చి కూడా వేలిముద్ర వేసినా,
పెన్ను నిలవలేదు.

ఇప్పుడు మా ఇంట్లో
తడి ఇసకలో కుండ, కుండలో ముంత,
ముంతలో ఇన్సులిన్ బుడ్డి.
ఫ్రిజ్జు లేనోళ్ళకు నర్సమ్మ చెప్పిన ఉపాయం.
సంగటి ముద్ద పిడికిలంత అయింది, ఆకుకూర గిన్నెడైంది.
చెప్పులు తొడిగే ముందు బోర్లించి దులపాలంట.
ఒకసారి దులిపితే చింతపిక్క పడింది,
ముందురోజంతా దాని మీదే నడిచినా.

తమ్ముడు హుసేను ప్రొద్దుటూరులో
వారానికి మూడు దినాలు మిషనుకు అతుక్కుంటాడు.
వాని కిడ్నీలూ అంతే, మాటా పలుకూ లేకుండా.
ఏడాదికోసారి కండ్లు కూడా చూపిస్తాండా.
చుక్కలు వేసి పంపిస్తారు,
బస్టాండంతా మజ్జిగలో మునిగినట్టుంటాది.

నొప్పీ,
పన్ను లాగినప్పుడు, నడుం పట్టినప్పుడు
ఎన్ని బూతులు తిట్టినా నిన్ను.
నువ్వు వాకిట్లో కుక్కవని తెలీదు.
ఒక రాత్రి మొరగడం మానేసినావు.
హమ్మయ్య, నిద్ర పట్టిందనుకున్నా.

రాత్రి పొద్దుపోయినాక ఖాసింబీ
నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుంటాది.
ఫోను లైటేసి వేళ్ళ సందులన్నీ వెతుకుతాది,
బియ్యంలో రాళ్ళేరినట్టు.
మిగిలిన ఎనిమిది వేళ్ళూ లెక్కపెడతాది, ఎందుకో.
తర్వాత చీపురుపుల్ల తీసి
'కండ్లు మూసుకో. తగిలితే చెప్పు' అంటాది.

మూసుకుంటా.
కొంచేపు చూస్తా.
ఆమె మనసు కష్టపడుతుందేమోనని
'ఆ... ఇదో, మడమ కాడ' అంటా.

'ఇంకా పెట్టనే లేదు' అంటాది.