నా మోకాలనుకున్నా

పది దినాలు నా మోకాలినే తిట్టుకున్నా.
పొద్దు గుంకితే ఆముదం కాచి పట్టించుకున్నా.
రెడ్డెమ్మ ఉప్పు కాపడం పెట్టింది,
"నలభై ఏడుకే కాలు పట్టు తప్పిందే నీకు" అని నవ్వింది కూడా.
సుమో మాత్రం ఏమీ అనలా.
తెల్లారితే దాని కింద రూపాయి బిళ్ళంత నూనె మరక.
పక్కింటోళ్ళ బండిదిలే అనుకున్నా.
పక్కింటోళ్ళకు బండే లేదు.

మంగళవారం, శుక్రవారం
రాయచోటి నుంచి కడప పెద్దాసుపత్రికి
రక్తం కడిగించుకునే నలుగుర్ని తీసకపోతా.
వెనక సీట్లో ముగ్గురు, చేతుల మీద తాళ్ళలా ఉబ్బిన నరాలు.
ముందు సీటు వీరభద్రయ్యది,
ముప్పై ఏండ్లు ఆర్టీసీలో టికెట్లు చించిన మనిషి.
డ్రైవరు కాలు చూసి రోడ్డెట్లుందో చెప్తాడు.
దప్పికైనా ఆయనకు కొలతే,
సీసా మూతలో వంపుకొని నాలిక తడుపుకుంటాడు.

గువ్వలచెరువు దాటినాం.
పాలకోవా పొయ్యిల వాసన ఇంకా బండిలోనే ఉంది.
ఘాటు మొదటి మలుపులో తొక్కితే దిగింది.
రెండోదాంట్లో సగం దిగింది.
మూడో మలుపుకు
పెడలు కాదది, పునాది రాయి.

"రే, నీ తొడ వణుకుతాంది."
"మోకాలు నొప్పి, సామీ."
"దిగేటప్పుడు వచ్చి ఎక్కేటప్పుడు పోయే నొప్పి యాడుందిరా?
అది నీది కాదు. బండిది."

గేరు మూడు నుంచి రెండుకు దించినా.
ఇంజను అరిచింది. అరవనీ.
రెండు కాళ్ళూ ఒకే పెడలు మీద పెట్టి
వీపు సీటుకు ఆనించి నిలువునా తన్నినా.
ముందర సిమెంటు లారీ,
దాని వెనక "మళ్ళీ కలుద్దాం" అని పచ్చరంగులో.
ఆ అక్షరాలకూ మాకూ బారెడు సందు.
వెనకనుంచి ఒక్కరూ కేకెయ్యలా.
వారానికి రెండుసార్లు యంత్రానికి ఒళ్ళప్పగించేటోళ్ళు,
దేనికి అరవాలో వాళ్ళకు తెలుసు.

ఆసుపత్రి కాడ వాళ్ళను దింపి
నత్త మాదిరి అలంఖాన్‌పల్లె దారిలో
పీరాన్‌సాబు షెడ్డు చేరినా.
బానెట్టు ఎత్తలా ఆయన. ఇంజను ఆపమన్నాడు.
"ఐదుసార్లు తొక్కు. తొక్కి అట్లే పట్టుకో.
ఇప్పుడు స్టార్ట్ చెయ్."
పాదం కింద పెడలు వేలెడు లోపలికి జారాలంట.
జారలా.
"తెలిసిందా?" అన్నాడు.
తెలియలా.

అల్టర్నేటర్ వీపున పంపు.
రబ్బరు పైపు పీకి నా బొటనవేలు ఆ నోట్లో పెట్టించినాడు.
"బాగుండే పంపు లేగదూడ మాదిరి చీకుతాది,
వేలు వెనక్కి తీసుకోనీదు."
ఇది, పండ్లూడిన అవ్వ చింతపిక్క చప్పరించినట్లుంది.
పైపు నిండా నల్లటి నూనె.
లోపలి రెక్కలు అరిగి, సీలు చిరిగి...
నా పది దినాల మరక ఆయన గుడ్డకు అంటుకొనింది.

"ఇది గాలి ఎక్కిస్తాదా, మేస్త్రీ?"
"పీకేస్తాది. బూస్టరు లోపల ఒకపక్క ఏమీ లేకుండా చేస్తాది.
ఏమీ లేని చోటికి బయటిగాలి ఎగబడతాది చూడు,
ఆ తోపుడే నీ కాలికి తోడు.
ఇన్నేండ్లు నువ్వొక్కనివే బండి ఆపినాననుకున్యావా?"

అనుకున్యా.
చెప్పలా ఆయనకు.

కొత్త పంపు వేసి, బండి తీసేసరికి
మూడు దాటింది.
వీరభద్రయ్య చేతికి దూదీ, ప్లాస్టరూ,
మొగం కడిగిన పలక.
ఎక్కినాడు. మూతలో నీళ్ళు వంపుకున్నాడు.
గేటు కాడ కుక్క అడ్డమొస్తే
పొద్దుటి లెక్కన తన్నినా.
బండి నిలువునా నిలబడింది,
నలుగురి తలలూ ముందుకూ వెనక్కూ ఊగినాయి.
మూతెడు నీళ్ళూ పంచె మీదికి.

"ఇయ్యాల్టి నా వాటా పాయ" అన్నాడు,
తడిని అరచేత్తో నొక్కుతా. నవ్వినాడో లేదో,
నేను రోడ్డు చూస్తాండా.

ఆ రాత్రి మోకాలు నిజంగానే నొచ్చింది.
రెడ్డెమ్మకు చెప్పలేక
ఉప్పు నేనే వేయించుకున్నా.