మీటరున్నర

కువబారా గారి దుకాణంలో త్రాసు ఒకటుంది,
వంటింటిది. ఒకప్పుడు వాళ్ళావిడ
పిండి తూచుకునేదట.
ఇప్పుడు దాని మీద పాత లెన్సులు కూర్చుంటాయి
టీకా కోసం తీసుకొచ్చిన పసిపిల్లల్లా,
ఒకదాని తర్వాత ఒకటి.

"ముందు మణికట్టు చూపించండి," అన్నారాయన.
చూపించాను.
ఇరవై ఆరేళ్ళు ఒతారు కొండదారుల్లో బస్సు తిప్పిన చెయ్యి,
కుట్లు విప్పి ఇంకా ఏడాది కాలేదు.
"అయితే ఆ రెండు వందలది మరిచిపోండి.
పొద్దున దాని బరువెంతో త్రాసు చెబుతుంది.
సాయంత్రం ఎంతో మెడ చెబుతుంది."

నేను మరిచిపోలేదు.
రెండు వందల మిల్లీమీటర్లు, నల్లటిది, జానెడు పొడుగు,
అడాప్టరుతో కలిపి ఐదు వందల ఎనభై గ్రాములు.
కెమెరాకి తగిలించి కిటికీలోంచి చూస్తే
కాలువ అవతల గోదాం కప్పు మీది సీగల్ కంట్లో
పసుపు వలయం కూడా కనబడింది.
దానికి నా మీద అనుమానం ఉన్నట్టూ కనబడింది.

నూట ముప్పై ఐదుది పొట్టిది, అల్యూమినియం ఒళ్ళు,
అంతా కలిపి మూడు వందల డెబ్బై.
వెనక గాజులో ఓ మూల బూజు, ఆవగింజంత.
అంచున ఎవరో సూదితో గీసుకున్న పేరు,
మొదటి అక్షరంలోనే విసుగొచ్చి ఆపేశారు.
"బూజు ఫొటోలో పడదు," అన్నారు,
"మీ మనసులో పడితే చెప్పండి, రెండు వేల యెన్ తగ్గిస్తా.
ఇంకోటి, దీనికీ మనలాగే చత్వారం.
మీటరున్నర లోపలికి వస్తే
ఎవరినీ పోల్చుకోలేదు."

రింగు తిప్పాను.
చలికి గడ్డకట్టబోతున్న తేనెలో చెంచా తిరిగినట్టు.
కెమెరా తెర మీద, చూపు అందిన చోటల్లా
ఎర్రటి అంచులు మెరుస్తాయి:
ముందు కిటికీ చట్రం, తర్వాత దీపస్తంభం,
తర్వాత మంచు తవ్వుతున్న కుర్రాడి టోపీ.
ఎరుపు ఒకరి నుంచి ఒకరికి
పుకారులా నడిచిపోతుంది.

"ఏం తీస్తారు దీంతో?"
"పక్షుల్ని," అన్నాను.

యోయిచి రేవులో మా చెల్లెలు మిత్సుయో
హెర్రింగు చేపలు ఎండేస్తుంది.
నాన్న పడవ నన్నడగకుండా అమ్మేసింది.
తప్పు తనదే.
ఆ తర్వాతి తొమ్మిదేళ్ళ మౌనంలో
పెద్ద వాటా నాది.

నెలకో ఆదివారం వెళ్ళి అలలగోడ మీద నిలబడి వస్తాను.
అక్కడి నుంచి తను ఒక నీలం ఏప్రాన్, అంతే.
రెండు వందలది పెడితే మొహం మొత్తం వచ్చేస్తుంది,
తలుపు తోసుకుని ఇంట్లోకి జొరబడ్డట్టు.
నూట ముప్పై ఐదైతే
తనూ, దండేలూ, వెనక కాస్త సముద్రమూ.
గడప ఇవతల నిలబడ్డంత.

అదే కొన్నాను.
మణికట్టు కోసమనుకున్నారు కువబారా గారు.
కొంత అదీ నిజమే.

మార్చి, మొదటి ఆదివారం. గాలి.
అలలగోడ చివర, చేతొడుగు ఒకటి తీసి.
తను ఫ్రేములోకి వచ్చింది, ఖాళీ బుట్టతో.
తలెత్తింది. నేరుగా గాజులోకి చూసింది.
బుట్ట కింద పెట్టింది.
నడవడం మొదలుపెట్టింది.

లెన్సు మీద దూరాలు చెక్కి ఉంటాయి, తెల్లటి అంకెలు.
పదిహేను. పది.
నొక్కడం మరిచిపోయి తిప్పుతూనే ఉన్నాను,
వేళ్ళు తన నడకని పట్టుకుని వెనక్కి వస్తున్నాయి,
ఎరుపు తన కనురెప్పల మీద నిలుస్తుంది, జారిపోతుంది,
మళ్ళీ నిలుస్తుంది.
ఐదు. మూడు. పెదవి మీద ఒక పగులు. రెండు.

మీటరున్నర దగ్గర రింగు ఆగిపోయింది.
తను ఆగలేదు.

తెర నిండా నీలం, మసకగా.
చేపల వాసన.
"అంత బరువా అది?" అంది మిత్సుయో.
"చెయ్యి వణుకుతోంది."