మెట్ల కింద పెట్టెలు

రుమైతియాలో మా కఫీలు ఇంట్లో
మెట్ల కింద నా గది.
నా గది అంటాను గానీ
మొదట అది మిషారీ అట్టపెట్టెలది,
వాటి దగ్గర నేను బాడుగకున్నట్టు.

ఆంప్లిఫయరు పెట్టె. రికార్డులు తిరిగే పళ్ళేనిది ఇంకోటి.
నల్ల స్పీకర్లవి రెండు, ఒకదాని మీదొకటి.
తలకాడ కీబోర్డుది, పాడె అంత పొడుగు.
అట్లా అనకూడదులే,
మంచం పట్టె అంత పొడుగు.

"పారెయ్ నూరా" అంటాది మామా, నెలకోసారి,
"బొద్దింకలు పిల్లలు పెడతాయి."
"ముట్టొద్దు నూరా" అంటాడు కొడుకు,
"పెట్టె లేకుంటే అమ్మేటప్పుడు సగం ధరే.
పెట్టె లేకుండా రిపేరుకు పంపితే దారిలోనే పగిలిపోతాది."
అరబ్బీలో ఇద్దరూ అరుచుకుంటారు
నా నెత్తి మీదుగా.
నేను వెల్లుల్లి ఒలుస్తా ఉంటా.

నూరా అంటే నేనే.
సుబ్బనర్సమ్మ వాళ్ళ నోట్లో పట్టలేదు.
వచ్చిన రోజే ఊడదీసి పక్కన పెట్టినారు.
యాడ పెట్టినారని నేనూ అడగలేదు.

నాతో వచ్చిన జిప్పు సంచి,
కోడూరు బస్టాండులో బేరమాడి కొన్నది,
దాన్ని ఆ రాత్రే గేటు బయట చెత్తడబ్బాలో వేయించింది మామా.
నల్లులుంటాయంట.
చీరలు మాత్రం ఉతికించి ఇచ్చింది,
కట్టుకోవద్దని చెప్పి.

మొదటేడు ఆ పెట్టెలకు మోకాళ్ళు కొట్టుకునేవి.
ఇప్పుడు ఏ థర్మాకోల్ దేనిదో
చీకట్లో తడిమి చెప్తా.
కీబోర్డుకు రెండు కొసలా తొడుగులు.
ఆంప్లిఫయరుకు కిందొకటి, పైనొకటి,
నడుమ దాని ఒంటికి సరిపడా గుంట.
సామానేమో పైన హాల్లో మోగుతా ఉంటాది,
దాని గుంట నా పక్కన పండుకోనుంటాది.

తేమ పట్టకుండా వేసే చిన్న పొట్లాలు,
తినొద్దని బొమ్మేసినవి,
వాటిని కూడా పారెయ్యలేదు.
రెండు నా పాస్‌పోర్టు జిరాక్సులో పెట్టుకున్నా.
అసలుది మామా బీరువాలో ఉండాది.

ఆగస్టు ఎండలో ఆంప్లిఫయరు గొంతు పోయింది.
జర్మనీకి పంపాలన్నారు.
మిషారీ, వాని స్నేహితులిద్దరు, డ్రైవరు మహబూబ్ పీరా,
నలుగురు మగోళ్ళు గంటసేపు కుస్తీ పట్టినారు.
ఎట్లా పెట్టినా నాలుగేళ్ళ ఎత్తు మిగిలింది, మూత పడలేదు.
"నూరా!"

చేతులు తుడుచుకోని పోయినా.
గుడ్డసంచి ముందు తొడగాల.
కింది తొడుగుకు మూలన చిన్న బాణం ఉండాది, అది గోడ వైపుకి.
వైర్లు పక్క సందులో.
మూత దానంతట అదే దిగింది.
పీరా నోరు తెరిచి
"యాడ నేర్చినావక్కా?" అన్నాడు తెలుగులో.
"మూడేండ్లు దాని పక్కలో పండుకున్నా కదరా."
మిషారీకి మా మాట తెల్దు.
ఐదు దీనార్లు ఇచ్చినాడు.

ఆ రాత్రి, పెట్టె లేని చోట
కాళ్ళు బారుగా చాపినా.
నిద్ర రాలేదు.
చాపిన కాళ్ళను ఏం చెయ్యాలో తెలియలేదు.

మూణ్ణెల్లకు ఆంప్లిఫయరు తిరిగొచ్చింది,
బాగానే పాడతా ఉంది.
వచ్చింది మాత్రం వేరే అట్టలో,
పేరు లేని గోధుమరంగు దాంట్లో.
పాతది అక్కడే యాడో పారేసినారంట.
మిషారీ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.
"సామాను మంచిగుంది కదా" అంటాది మామా,
"అట్టముక్క కోసం ఏడుస్తావా?"
నేను వాని పక్కనే అనుకున్నా, లోపల్లోపల.

అదే వారం మా చిన్నక్క ఫోను చేసింది.
"సుబ్బనర్సమ్మా" అనింది.
ఎవరినో పిలుస్తా ఉందనుకోని
కాసేపు నేను పలకలేదు.
"లైను పోయిందా" అంటా ఉంది అక్క.
"లేదు, ఉండా" అన్నా,
అవునో కాదో చూసుకోకుండానే.

నెల తిరిగింది.
మామా తలుపు కాడ నిలబడి ముక్కు మూసుకునింది.
"మిగిలినవన్నా పారేద్దామా, నూరా?"
మిషారీ ఇంట్లో లేడు.
"వద్దు మామా, ఉండనియ్" అన్నా,
"తిరిగి పోయేటప్పుడు కావాల."
ఏది పోయేటప్పుడని
ఆమె అడగలేదు.