సాన పట్టేవాడు

హామర్‌లో పదివేల మీటర్ల పందెం.
టార్యై మాత్రం మంచుకి వీపు పెట్టి కూర్చున్నాడు,
ఒళ్లో సానరాయి.

చూడడు. వింటాడు.
ఇరవై అయిదు చుట్లూ చెవితోనే లెక్క.
పక్క వరస జపాను కుర్రాడిది చినుకుల చప్పుడు.
హల్వార్‌ది పట్టుగుడ్డ చింపినట్టు,
పొడుగ్గా, తొందర లేకుండా.

పందొమ్మిదో చుట్టు, మలుపులో,
ఎడమ అడుగు కింద సన్నగా గరగర.
అన్నంలో రాయి.
అన్ని వేలమందిలో ఎవరికీ తగల్లేదు.

రాత్రి దీపం కింద ఆ అంచుని తడిమి
చాల్లే అనుకున్నది తనే.

ఆఖరి గంట. కేకలు. తర్వాత, ఒక్క క్షణం, ఏమీ లేదు.
సెకనులో వందో వంతులు మూడు.
నాలుగో స్థానం.

హల్వార్ వచ్చి పక్కన కూలబడి
ముడులు విప్పుకుంటూ అన్నాడు:
"ఇవాళ మంచు మెత్తగా ఉంది."

టార్యై ఎడమ బ్లేడు అందుకుని
అంచు మీద గోరు లాగాడు.
పొడి రాలలేదు.

"అవును," అన్నాడు, "మెత్తగానే ఉంది."