ఒకటిన్నర మిల్లీమీటరు

మా వీధి పిల్లలకి అక్షరాలకంటే ముందు
టైరు మీద సైజు చదవడం వస్తాది.
నూట ఎనభై అయిదు: వెడల్పు, మిల్లీమీటర్లలో.
అరవై: ఎత్తు, వెడల్పులో నూటికి ఇంత అని.
పధ్నాలుగు: రిమ్ము, అంగుళాల్లో.
ఒక్క వరసలో మూడు కొలతలు,
ఒకదానికొకటి చుట్టం కాదు.
పర్లాకిమిడి బజారే అది.
బేరం ఒడియాలో, తిట్టు తెలుగులో, బిల్లు ఇంగ్లీషులో.

పశువుల డాక్టరు సబర గారు
అరవై ఏడు నాటి ఇంగ్లీషు బండి తెచ్చారు.
రెండే సీట్లు, టాపు లేదు,
ముగ్గిన జీడిపండు రంగు.
బరంపురంలో కొన్న నాలుగు అల్లాయి చక్రాలు
డిక్కీలో రెండే పట్టాయంట,
మిగతా రెండూ పక్క సీట్లో, బెల్టు పెట్టుకుని కూచున్నాయి.
"వేసెయ్ తవిటయ్యా" అన్నారు,
కొత్త చెప్పులు కొన్న పెళ్ళికొడుకులా.

లెక్క కట్టాను. కాగితం అబద్ధమాడలేదు.
పాత టైరూ కొత్త టైరూ పక్కపక్కన నిలబెడితే
ఒకటే ఎత్తు, వెంట్రుకవాసి తేడా.
స్పీడు ముల్లు కూడా తప్పు చెప్పదు.
ఇంకేటి మరి?

బోల్టులు.
అల్లాయి చిల్లులు నూరు మీద కోశారు,
ఆయన బండివి నాలుగంగుళాలు. అంటే నూటొకటిన్నర.
ఆ కాస్తే కదా అని తిప్పితే నట్టు బిగుస్తాది,
బిగిసినట్టే ఉంటాది
ఉదయగిరి ఘాట్లో మూడో మలుపు దాకా.

అడాప్టర్లు తెప్పించారు. చదువుకుని వచ్చారు మరి.
రెక్కల లోపలి అంచుకి సుద్ద పూసి
వెనక రెండు జీడిపిక్కల బస్తాలు కట్టి
స్టేషను దాకా పోయి వచ్చాం.
రెండు పక్కలా సుద్ద నాకేసింది టైరు.
పల్చటి అడాప్టరు వేస్తే
లోపల కమాను పట్టీకి రాసుకుంటాది.

"అంచు కోసెయ్" అన్నారాయన.
గ్రైండరు తీశాను. తీశాను, అబద్ధమెందుకు.
ఇదే కొట్లో మా అయ్య ఎడ్లకి నాడాలు కొట్టేవాడు,
గిట్ట మీద ఈనుపుల్ల పెట్టి, గోటితో తుంచి,
ఆ పుల్లని చెవిలో పెట్టుకుని కొలిమి దగ్గరికి పోయేవాడు.
"డాక్టరుగారూ,
గిట్టని చూసి నాడా కొడతారా,
నాడా కొనేశాం కదా అని గిట్ట చెక్కుతారా?"

ఆయన మాటాడలేదు.
వంగి, ఆ అంచుని బొటనవేలితో తడిమారు,
కుంటే దూడ కాలు పట్టుకున్నట్టు.

నూట యాభై అయిదు, ఎనభై, పదమూడు.
పాత రిమ్ములకి తుప్పు గీకి వెండి రంగు వేశాను.
సన్నగా ఉన్నాయి, కాస్త పేదగా కూడా, కాదనను.
ఘాటెక్కి దిగి వచ్చారు, చెయ్యి ఊపారు.

అల్లాయిలు కొట్లోనే ఉన్నాయి, అమ్మిపెట్టమన్నారు.
ఒకదాని మీద టీ గ్లాసులు పెడుతున్నాం.
నెలకోసారి వచ్చి
ఎంత చెబుతున్నావు అని అడుగుతారు.
ఎక్కువే చెబుతున్నానండీ అంటాను.
మంచిది అని, టీ తాగి పోతారు.