తెల్ల కుర్చీ

మార్సెయ్ ఉత్తరాన, సి బ్లాకు గుమ్మంలో
ఒక తెల్ల ప్లాస్టిక్ కుర్చీ.
పదకొండేళ్లుగా ఆ మెట్లు కడుగుతున్నాను.
కుర్చీ చుట్టూ తుడవడం చేతికి అలవాటైపోయింది.

మంగళవారం తెల్లారగట్ల పోలీసులొచ్చి
అంజీజ్‌ని తీసుకుపోయారు.
పంతొమ్మిదేళ్లవాడు. నా బకెట్టు మూడో అంతస్తుదాకా
అడక్కుండానే మోసిపెట్టేవాడు,
జేబులో పొట్లాలు గరగరలాడుతూనే.

గురువారం కోర్టులో
మూడేళ్లు, అన్నారు జడ్జిగారు.
ఇది చూసి మరో పదిమంది భయపడాలి, అన్నారు.
వెనక బల్ల మీద వాళ్లమ్మ మోయినెషా పక్కన కూర్చుని
ఆ పదిమంది ఎవరా అని చుట్టూ చూశాను.
మేమిద్దరం. ఇంకొక ముసలాయన,
కునుకు తీస్తున్నాడు.

అబద్ధమెందుకు, మూడు రాత్రులు బ్లాకు నిద్రపోయింది.
లిఫ్టు దగ్గర ఎవరూ ఈల వెయ్యలేదు.
ఐదో అంతస్తు ముసలామె చీకటి పడ్డాక
తన చెత్త తనే కిందికి తెచ్చుకుంది.
ఆ మూడు రాత్రులకీ జడ్జిగారికి రుణపడే ఉన్నాను.

శుక్రవారం కుర్చీలో సోయిలిహి.
పదిహేనేళ్లు. మీసం ఇంకా ఆలోచనలోనే ఉంది.
భయం లేదా నాయనా, అన్నాను.
ఉంది, అన్నాడు.
అన్న తలుపుకి మరీ దూరంగా కూర్చునేవాడు, అందుకే దొరికాడు.
కుర్చీని ఒక మూర లోపలికి జరుపుకున్నాడు.

శిక్ష వాడికి నేర్పింది ఆ మూరెడే.

ధర మారలేదు. వచ్చేవాళ్లూ మారలేదు:
ఎర్ర కారతను, నర్సు బట్టలామె,
బూట్ల మీద సున్నం మరకలవాడు.
కుర్చీలో ఎవరున్నారని ఒక్కరూ మొహం చూడలేదు,
చేతులు చూశారు.
సరుకు పంపేవాడి మొహం
నేనెప్పుడూ చూడలేదు. కోర్టూ చూడలేదు.

ఒక రాత్రి తిక్క పుట్టి
కుర్చీ ఎత్తుకొచ్చి నా బాల్కనీలో పడేశాను.
పొద్దున వెళ్లేసరికి
గుమ్మంలో సోఫా.
ఇద్దరు పడతారు.

రెండేళ్లకి అంజీజ్ బయటికొచ్చాడు.
మెడ లావెక్కింది. లోపల చేసుకున్న స్నేహితులు
ఫోన్లో పిలుస్తూనే ఉన్నారు.
నా బకెట్టు అందుకోబోయి ఆగి
మీ కంపెనీలో పనేమైనా ఉందా పిన్నీ, అన్నాడు.
జైలు కాగితం ఉంటే తీసుకోరని నోరు రాక
కనుక్కుంటానన్నాను.

సాయంత్రాలు ఆ కుర్చీలో చిక్కుళ్లు వలుస్తాను.
ఒక కాలు పొట్టి, ఊగుతుంది.
ఇక్కణ్ణుంచి మలుపుదాకా వీధంతా కనబడుతుంది,
ఎవరొస్తున్నారో,
ఎవరిని తీసుకుపోతున్నారో.